కవచం వెనక ముడి

“విప్పెయ్యవే వాడికది! నీళ్ళల్లోకి దూకుతున్నాడు, కనిపించట్లా?”

“విప్పితే చచ్చిపోతాడు నానమ్మా! ఒడ్డున ఎంతమంది బాణాలు పట్టుకుని నిలబడ్డారో చూడు.”

“విప్పకపోతేనే చచ్చేది. ఒంటిమీద అంత ఇనుము పెట్టుకుని సముద్రం ఈదేవాణ్ణి ఎక్కడైనా చూశావుటే?”

“ఇదిగో, ఇక్కడ చూస్తున్నాగా! ఇది ఆట. ఇందులో ఇనుముకి బరువుండదు. ఎంచక్కా ఈదేస్తాడు.”

“బరువు లేని ఇనుము వాడికెందుకే మరి?”

“అబ్బబ్బా! పొద్దుట్నించీ ఫ్యాను ఆపు, లైటు ఆర్పు అంటే ఆర్పాను. ఇప్పుడు వీడి బట్టలు కూడా నువ్వే చెప్పాలా? అసలు కవచాల సంగతి నీకేం తెలుసని?”

“నాకు తెలీకపోవడమేంటే? నేనే కట్టాను!”

ఆ మాట నా నోటివెంట ఎలా వచ్చిందో నాకే తెలియదు. దగ్గరదగ్గర యాభై ఏళ్ళుగా కన్నతల్లికి గానీ, కట్టుకున్నవాడికి గానీ, కడుపున పుట్టినవాడికి గానీ చెప్పని సంగతి, ఒక ఆదివారం మధ్యాహ్నం, బందరులో మా ముందుగదిలో, టీవీలో ఈదుతున్న ఒక బొమ్మమనిషి మీద కోపంలో సగం బయటపడిపోయింది. మనవరాలు చేతిలోని మీటలపెట్టె ఒళ్ళో పెట్టుకుని నావంక చూసింది. నేను పొయ్యిమీద పాలు వంక పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యిమీద పాలు లేవు.

మా మనవరాలు ఇంజనీరింగు రెండో ఏడు. వారమంతా గుడివాడ కాలేజీకి బస్సులో వెళ్ళొస్తుంది, ఆదివారం వస్తే ఆ ఆట ముందు కూచుంటుంది. అది ఒక్క ఆట కూడా కాదట, ఒకదాని తరవాత ఒకటి వరసగా వస్తూనే ఉంటాయట, ఒకదాంట్లో ఒక దేశం, మరోదాంట్లో మరో దేశం, అన్నీ వందల ఏళ్ళ కిందటి కోటలూ రేవులూ గుర్రాలూ. వాటన్నిట్లోనూ దానికి ఇష్టమైనవి కవచాలు. తోలుతో కుట్టినవి, గొలుసులతో అల్లినవి, రేకులు పేర్చినవి, ఎన్ని రకాలో. అవి ఎక్కడ దొరుకుతాయని ఒకసారి అడిగితే, నేలమాళిగల్లోనూ సమాధుల్లోనూ పెట్టెలుంటాయనీ, అవి తెరిస్తే చచ్చిపోయిన వీరుల కవచాలు ఉంటాయనీ, అవి తొడుక్కుంటే పాతవాడి బలం కొత్తవాడికి వస్తుందనీ చెప్పింది. ఆ మాట విన్న రోజున నేను కంచం ముందునుంచి సగంలో లేచిపోయాను. అన్నం పారేయడం నా జన్మలో లేదు కనక దానిమీద మూత పెట్టి సాయంత్రం తిన్నాననుకోండి.

ఆ ఆటలో నన్ను ఇంకా కలవరపెట్టేది వేరే ఉంది. ఆ మనిషి మనకు ముఖం చూపించడు. నడిచినా, గోడలెక్కినా, గుర్రం మీద వెళ్ళినా, ఆడేవాళ్ళకు ఎప్పుడూ వాడి వీపే కనిపిస్తుంది. మీటలు నొక్కడం మానేస్తే ఉన్నచోటనే నిలబడిపోతాడు, కానీ బొమ్మలా బిగుసుకుపోడు, ఊపిరి పీలుస్తుంటాడు, బరువు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదకు మార్చుకుంటాడు, కవచం ఒరుసుకుంటున్నట్టు భుజం కదిలిస్తాడు. అది చూసినప్పుడల్లా నా వేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి. నాకు మనుషుల ముఖాలకంటే వీపులే బాగా తెలుసు, నా చిన్నతనమంతా వీపుల వెనకే గడిచింది కనక.

మా నాన్నకు గుడివాడలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, దసరా దాటాక ఏ ఊళ్ళో చూసినా తాటాకు పందిరి కింద నాటకమే. కిరీటాలు, భుజకీర్తులు, గదలు, కత్తులు, అన్నీ మా కొట్లోంచే వెళ్ళేవి. వెనకగదిలో ఒక గోడ పొడుగునా మేకులకు కవచాలు వేలాడేవి. వాటి ముందరి తళుకు వెలిసిపోకుండా నాన్న వాటిని గోడవైపు తిప్పి తగిలించేవాడు. అందువల్ల చీపురు పట్టుకుని ఆ గదిలోకి వెళ్తే, మనుషులు లేని వీపులు వరసగా గోడకేసి నిలబడి ఉన్నట్టుండేవి. వేసుకున్న మనిషి వెళ్ళిపోయినా కవచం వెంటనే చదునుగా అయిపోదు, లోపలి గుడ్డ చెమటకు తడిసి, ఆ మనిషి గూనీ పొట్టా అలాగే పట్టుకుని ఒకటి రెండు రోజులుండి, తరవాత మెల్లగా కుంగుతుంది. దానికి నాన్న, వేషం దిగడం అనేవాడు. వేషం ఇంకా దిగలేదు, ముట్టుకోకు అనేవాడు. నేను దూరంగా ఊడ్చుకుంటూ వచ్చేదాన్ని. ఏ గాలీ లేకుండానే ఒక్కోసారి వాటిల్లో ఒకటి కిరుక్కుమనేది.

నా చదువు ఐదో తరగతితో ఆపేశారు. వేళ్ళు సన్నగా ఉన్నాయని నన్ను కవచాలు కట్టే పనిలో పెట్టారు. కవచానికి వెనకవైపు రెండు వరసల కంతలుంటాయి, వాటిల్లోంచి తాడు అడ్డంగా తీసి బిగించుకుంటూ వచ్చి నడుం దగ్గర ముడి వెయ్యాలి. ఎంత పెద్ద రాజువేషమైనా తన వీపు తాను కట్టుకోలేడు, విప్పుకోలేడు. ఆ పనికి మా కొట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఏ చెయ్యి కట్టిందో ఆ చెయ్యే విప్పాలి. వేరేవాళ్ళు విప్పితే బట్ట ఊడుతుంది గానీ వేషం ఊడదని నమ్మేవాళ్ళు. పెదపారుపూడి వైపు ఒక ఊళ్ళో ఒకాయన తొందరపడి ఇంటికి వెళ్ళి భార్యచేత విప్పించుకుంటే, వారం రోజులు పొలంలో కూడా యుద్ధం సీను గొంతుతోనే మాట్లాడాడనీ, కన్నబిడ్డలు పిలిచినా ఎవరు మీరు అని అడిగాడనీ పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అందుకే నాటకం అయిపోయేదాకా నేను తెరవెనక కూచోవాల్సిందే. అయిపోయాక ఒక్కొక్కరే వచ్చి నాకు వీపు తిప్పి నిలబడేవాళ్ళు. మాట్లాడేవాళ్ళు కాదు, వెనక్కి తిరిగేవాళ్ళు కాదు. ముడి వదులవగానే పెద్దగా ఊపిరి వదిలి, అప్పుడు మనుషులయ్యేవాళ్ళు.

ఆ రోజుల్లో కోటలూ సేనాపతులూ ఉన్న చారిత్రక నాటకాలకు గిరాకీ వచ్చింది. అట్టతో చేసి తగరపు కాగితం అంటించిన కవచం చూసి జనం నవ్వుతున్నారని, నాన్న బందరులో ఒక సాయిబు తాత చేత నిజంలాంటిది చేయించాడు. ఆయన గిల్టు నగల పనివాడు. పాత నూనెడబ్బాల రేకుని బొటనవేలంత బిళ్ళలుగా కత్తిరించి, గిల్టు పూత వేసి, మందపాటి గుడ్డమీద కొర్రమీను పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి వచ్చేట్టు కుట్టాడు. అది ఎత్తాలంటే నాకు రెండు చేతులూ కావాలి. నడిస్తే గలగలమనదు, కత్తిపీట మీద చేపని రుద్దుతున్నట్టు చిన్నగా గీరిన చప్పుడు వచ్చేది. ఎరుపూ పసుపూ నూలు కలిపి పేనిన తాడు కూడా ఆయనే ఇచ్చాడు. ఆ తాడు కావలసినదానికంటే రెండు మూరలు పొడుగుంది. జారుముడి వేసి, మిగిలిన కొసని ఎడమచంక కిందనుంచి ముందుకు తెచ్చి నడుం పట్టీలో దోపాలని ఆయన నాకు చూపించాడు. ముందునుంచి ఆ కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే చాలు, ముడి జారి, వెనకంతా తెరుచుకుని, కవచం మొత్తం చేతుల్లోకి వచ్చి పడుతుంది. ఎందుకు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సేనాపతి వేషం మా చిన్నమావయ్యది. మా అమ్మకు ఆఖరి తమ్ముడు, నాన్న దగ్గరే ఉండి పెట్టెలు మోసేవాడు, వేషమూ కట్టేవాడు. నన్ను పిసినారి కోడలుపిల్లా అని పిలిచేవాడు. నేను పిసినారినే, ఒప్పుకుంటాను, ఇప్పటికీ అంతే. మా అమ్మ చేతిలో పెరిగినవాళ్ళెవరూ దారప్పోగు పారెయ్యరు. సబ్బుముక్క అరిగిపోతే కొత్తదానికి అంటించాలి, చిరిగిన చీర బొంత కావాలి, బొంత చిరిగితే మసిగుడ్డ కావాలి. అలాంటి ఇంట్లో రెండు మూరల కొత్త తాడు ఊరికే నడుములో దోపుకుని తిరగడం నా కళ్ళకు పాపంలా కనిపించింది. కట్టేది నేను, విప్పాల్సింది నేను, ఆ కొసతో ఇక ఎవరికి పని? ఒకరోజు కొట్లో కూచుని కొస కోసేశాను. దాన్ని నా లంగాకి బొందుగా ఎక్కించుకున్నాను. మిగిలిన తాడు జారుముడికి చాలలేదు. పీటముడి వేశాను. బిగువుగా, అందంగా వచ్చింది.

దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్ళో నాటకం. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు. సాయంత్రం నాటకమైతే మధ్యాహ్నమే ఒక వేషగాణ్ణి ఎడ్లబండి ఎక్కించి, మైకుతో చుట్టుపక్కల పల్లెలన్నీ తిప్పడం అప్పటి ఆనవాయితీ. పొద్దుట్నించీ సన్నగా తుంపర, గాలి ఒకలా ఉంది. ముసురే కదా, తగ్గుతుందన్నారు ఊరివాళ్ళు. బడిలో ఒక గదిలో నేను చిన్నమావయ్యకు కవచం కట్టాను.

“ఏమే కోడలుపిల్లా, ఇంత బిగించావ్? ఊపిరాడొద్దూ?” అన్నాడు.

“ఎక్కువ పీలిస్తే పద్యం మర్చిపోతావు,” అన్నాను.

నవ్వి, అలవాటుగా ఎడమచంక కింద తడుముకున్నాడు. “కొసేదే?”

“కోశాను. నేనుండగా నీకెందుకు కొస?”

“చంపావు పో. సరేలే, రాత్రికి నువ్వే విప్పుదువుగాని.”

కుడిభుజం రెండుసార్లు ఎగరేశాడు, కవచం సరిగ్గా కూచోకపోతే అలా ఎగరేయడం ఆయన అలవాటు. వెళ్ళి బండి ఎక్కాడు. బండి సముద్రంవైపు పల్లెలకు తిరిగింది. ఆయన ముందుకు తిరిగి కూచున్నాడు కనక నాకు వీపే కనిపించింది, వీపు మధ్యలో నేను వేసిన ముడి, వానలో గిల్టు బిళ్ళల తళుకు. మైకులో గొంతు చాలాసేపు వినపడింది. తరవాత గాలి వినపడింది.

మిగతాది మీకు తెలియనిది కాదు. ఆ ఉప్పెన చూసినవాళ్ళు మీలో ఉంటారు, చూడనివాళ్ళు విని ఉంటారు. గాలి పెరిగేసరికి నాన్న పెట్టెలు తడుస్తాయని నన్నూ వాటినీ ఊళ్ళో బియ్యంమిల్లు మేడమీదకు చేర్చాడు. మేము బతికింది డ్రెస్సులు తడవకూడదన్న ఆలోచన వల్ల. నీళ్ళు వచ్చిన చప్పుడు గురించి నేను రాయలేను. మేడమీద చీకట్లో మనుషులు గోడకు ఆనుకుని కూచుంటే, ఎవరికి వారే దేవుణ్ణి పిలుచుకుంటుంటే, నేను మాత్రం నా లంగాబొందు రెండు చేతుల్తో పట్టుకుని కూచున్నాను. బిళ్ళలు గీరిన చప్పుడు వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఆయన వచ్చి వీపు తిప్పి నిలబడితే వెంటనే విప్పేయాలి, ఆలస్యం చేయకూడదు అనుకున్నాను. పన్నెండేళ్ళదాన్ని. నాకు అంతకంటే తోచలేదు.

చిన్నమావయ్య దొరకలేదు. బండి తోలినవాడూ దొరకలేదు, ఎడ్లూ దొరకలేదు, బండీ దొరకలేదు. ఐదోరోజున నాన్న కవచం తెచ్చాడు. సముద్రంవైపు తుమ్మచెట్ల కొమ్మల్లో, మనిషి ఎత్తున, తొడుక్కుని నిలబడ్డట్టు తగులుకుని ఉందట. దూరంనుంచి చూసి ఆయనే అనుకుని, బావమరిది పేరు పెట్టి పిలుస్తూ బురదలో పరిగెత్తాడట నాన్న. లోపల ఎవరూ లేరు. వెనక వైపు తాడు కంతల్లో ఎక్కించింది ఎక్కించినట్టే ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది.

మెడలోంచి జారిపోయి ఉంటాడని కొందరన్నారు. ఆ బిగువులోంచి అర అంగుళం కూడా జారలేడని నాకు తెలుసు, కట్టింది నేను. ఇంకొందరు ఇంకేవో అన్నారు, చిన్నపిల్లనని నన్ను అవతలికి పొమ్మని మరీ చెప్పుకున్నారు. ముడి విప్పకుండా మనిషి ఎలా వెళ్ళాడో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

సాయిబు తాత బందరు నుంచి పరామర్శకు వచ్చాడు. కవచం ఒళ్ళో పెట్టుకుని, బురద తుడిచి, ముడిమీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. తరవాత ఎడమచంక కింద తడిమాడు. అక్కడ ఏమీ లేదు. తలెత్తి గదంతా చూశాడు, నన్ను చూశాడు, నా నడుం దగ్గర ఓణీ కిందనుంచి వేలాడుతున్న ఎరుపూ పసుపూ బొందుని చూశాడు. నాన్నకు చెప్తాడనుకున్నాను. కొడతారనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన లేచి నా తలమీద చెయ్యి పెట్టాడు. గుమ్మంలో ఏడుస్తున్న మా అమ్మమ్మతో, “ముడి అలా ఉండనివ్వమ్మా. కుర్రాడొచ్చి విప్పించుకుంటాడు,” అని వెళ్ళిపోయాడు.

కొడుకు శవాన్ని చూడని తల్లికోసం చెప్పిన మాట అది, నాకు పెద్దయ్యాక అర్థమైంది. కానీ ఆ మాటని పట్టుకుని వేలాడింది మా అమ్మమ్మ కాదు, నేను. ముడి ఉన్నన్నాళ్ళూ ఆయన రావలసే ఉంది, విప్పితే ఇక రావలసిన పని లేదు. పెళ్ళయి బందరు వచ్చేటప్పుడు నా ట్రంకుపెట్టె అడుగున ఆ కవచం వచ్చింది. నాన్న గుర్తు అని మావారికి చెప్పాను. ఏటా వానలకు ముందు బిళ్ళలకు కొబ్బరినూనె రాసి, వేపాకు వేసి మళ్ళీ పెట్టేదాన్ని. వీపువైపు మాత్రం తిప్పి చూసేదాన్ని కాదు, అంచులు పట్టుకుని కళ్ళు మూసుకుని నూనె రాసేదాన్ని. బొందు విడిగా, గుడ్డలో చుట్టి, పోపులపెట్టె వెనక.

నేను మొండిదాన్నని, దేనికీ కరగనని మా వాళ్ళంతా అంటారు. తుఫాను కబురు వస్తే పక్కింటివాళ్ళు సామాను సర్దుకుంటుంటే, మా ఇంట్లో వీధితలుపు గడియ పెట్టనిచ్చేదాన్ని కాదు, దగ్గరగా వేసి ఊరుకునేదాన్ని. ఎందుకో చెప్పేదాన్ని కాదు. సముద్రంవైపు గాలి తిరిగిన సాయంత్రాల్లో, దీపాలు పెట్టే వేళకు, వానజల్లు కొడుతున్న వరండాలో ఎవరో నిలబడ్డట్టు నాకు నాలుగైదుసార్లు అనిపించింది. ఇంటివైపు తిరిగి కాదు, వీధివైపు తిరిగి, వీపు నాకు పెట్టి, విప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు ఎలా నిలబడతారో అలా. చేతిలో ఉన్న దీపం లోపల పెట్టి వచ్చేసరికి వరండాలో తడి తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకటి చెప్తే మీరు నమ్మరు, చిన్నమావయ్య ముఖం నాకు గుర్తులేదు. ఎంత తలుచుకున్నా రాదు. వీపు మాత్రం ఇప్పుడు చూపిస్తే పోల్చుకుంటాను.

ఆ ఆదివారం మనవరాలు నన్ను వదల్లేదు. ఆటలో మనిషిని అవతలి ఒడ్డుకు చేర్చి వంటింట్లోకి వచ్చి, చేతిలో గరిటె లాక్కుని, ఏం కట్టావు, ఎవరికి కట్టావు అని అడిగింది. చెప్పాను. మొదటిసారి, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. అది నవ్వలేదు, ఊరడించలేదు. పెట్టె తీయించి చూసింది. బిళ్ళలు తడిమింది. వెనక్కి తిప్పి ముడిని గోరుతో గిల్లి చూసి, కత్తెర తెచ్చింది.

“రాయి అయిపోయింది నానమ్మా. కోసేస్తే పోలా?”

“అక్కడ పెట్టు. ఒకసారి కోశాను, చాలు.”

కత్తెర పెట్టేసింది. స్నేహితురాలు ఫోను చేస్తే మాట్లాడుతూ మేడమీదకు వెళ్ళింది. నేను ముందుగదిలోకి వచ్చాను. టీవీ ఆపకుండా వెళ్ళింది. మామూలుగా అయితే కేకలేసేదాన్ని. ఆ మనిషి ఒడ్డుకు చేరి ఇసుకలో నిలబడి ఉన్నాడు, ముందర సముద్రం, మనవైపు వీపు, తడికి మెరుస్తున్న రేకులు. వెనక తాళ్ళు అడ్డదిడ్డంగా కట్టి ఉన్నాయి. ఊపిరి పీలుస్తున్నాడు. కిటికీలోంచి వెలుగు తగ్గుతోంది. అప్పుడు వాడు కుడిభుజం ఎగరేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మనవరాలు దిగివచ్చేసరికి నా చెయ్యి తెరమీద, వాడి నడుం దగ్గర ఉంది.

“వీడు ఎవరికోసం చూస్తున్నాడే?” అన్నాను.

“ఎవరికోసమూ కాదు నానమ్మా. మీట నొక్కేదాకా అలా ఉంటాడు, అంతే.”

“నొక్కకపోతే?”

“నొక్కకపోతే ఏముంది, ఎన్నేళ్ళయినా అలాగే నిలబడి ఉంటాడు. పాపం, వాడంతట వాడు వెళ్ళలేడుగా.”

అది మామూలుగానే అంది. నేను చెయ్యి తెరమీంచి తీశాను. వస్తాడని నేను ముడి కాపాడుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. పోనీయకుండా నిలబెట్టానేమో, ఆ వానలో, ఆ వరండాలో, విప్పే చెయ్యి కోసం.

ఇప్పుడు నాటకాలూ లేవు, మా కొట్టూ లేదు, గుడివాడలో దాని జాగా ఎక్కడో నేనే పోల్చుకోలేను. ఒకరి వీపు ఒకరు కట్టే పని ఎవరికీ పడటం లేదు. మా మనవరాలి జాకెట్లకు జిప్పు పక్కకు వచ్చింది, దాని మనిషి ఒక మీట నొక్కగానే ఒక కవచం మాయమై ఇంకో కవచం తొడుక్కుంటాడు, మధ్యలో ఎవరి చెయ్యీ ఉండదు. అది సుఖమే, కాదనను. మన కాలంలో ఎదుటిమనిషి చేతిమీద అంత భారం ఉండేది, ఆ చెయ్యి ఎంత చిన్నదో ఎవరూ చూసేవాళ్ళు కాదు. అయినా ముడి వదులయినప్పుడు వీపంతా కదిలేట్టు వదిలే ఊపిరి ఉంటుంది చూశారా, అది నా అరచేతులకు తగిలి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు సోమవారం. పొద్దున్నే కాఫీ తాగి, కవచాన్ని పెరట్లో అరుగుమీద బోర్లా పెట్టాను. ఆముదం చుక్కలుచుక్కలుగా ముడిలోకి వదిలి, దబ్బనం మొనతో పోగు పోగూ కదిపాను. ఎండ గోడ దాటి నా ఒళ్ళోకి వచ్చే వేళకు ముడి కదిలింది. బయట అంతా మట్టిరంగుకి తిరిగిన తాడు, ముడి లోపల మాత్రం ఎర్రగా పసుప్పచ్చగా, నేను కట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. తడిగా కూడా ఉంది. ఆముదం అంది మనవరాలు. అయ్యుండవచ్చు.

పోపులపెట్టె వెనకనుంచి బొందు తెచ్చి ఆ తాడుకి కుట్టాను. నాలుగు వరసలు కుట్టాను, దారం చూసుకోలేదు. మనవరాలు కవచం తొడుక్కుని నాకు వీపు తిప్పి నిలబడింది. కంతల్లో తాడు ఎక్కించి, జారుముడి వేసి, కొసని ఎడమచంక కిందనుంచి ముందుకు తెచ్చి దాని చేతికిచ్చాను. లాగమన్నాను. లాగింది. ముడి నేను ముట్టుకోకుండానే జారి, కవచం దాని చేతుల్లోకి వచ్చి పడింది. అబ్బా, ఎంత బరువో అని అది పెద్దగా ఊపిరి వదిలింది.

కాలేజీ బస్సు వేళయిందని అది పరిగెత్తింది. నేను కవచాన్ని దండెం మీద, ముఖం ఎండకు పెట్టి ఆరేశాను. ఆ సాయంత్రం వాన పడింది. వీధితలుపుకి గడియ పెట్టాను.